చేదు ఉప్పు, కింది ఆకు

భాద్రపదం ముసురు విడిచిన మూడో రోజు అంకాపూర్ వెళ్ళాను. ఆర్మూరు నుంచి నిజామాబాద్ పోయే రోడ్డు మీదే ఉంటుంది ఊరు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు అంకాపూర్ అంటే బొగ్గుల మీద కాలే మక్కకంకుల వాసన, నాటుకోడి కూర. సేద్యం తెలిసినవాళ్ళకు మాత్రం అది విత్తనాల ఊరు, కూరగాయల ఊరు, పసుపు ఊరు. అక్కడి ఆడవాళ్ళు పంట పండించి ఊరుకోరు, గంప దింపి బేరం కూడా వాళ్ళే చేస్తారు. మా చిన్నమ్మ ఆ ఊరి మనిషి.

నేను కాళ్ళు కడుక్కునేలోపే నా అరచేతిలో రెండు ఆకులు పెట్టింది. ఒకటి పెరట్లోని టమాటా ఆకు, ఇంకొకటి చేనులోని పసుపు ఆకు. రెండింటిలోనూ ఈనెలు పచ్చగా ఉన్నాయి, ఈనెల మధ్య కండ పాలిపోయింది. గోడ మీద సున్నం వెలిసినట్టు ఉంది.

"రెండిటికీ ఒక్కటే రోగమట బిడ్డా. మందుల దుకాణపాయన గీ ప్యాకెట్ ఇచ్చిండు. లీటరు నీళ్ళల్ల పది గ్రాములు ఏసి కొట్టుమన్నడు" అంది.

ప్యాకెట్ మీద మెగ్నీషియం సల్ఫేట్ అని ఉంది. విప్పి చూస్తే చక్కెర పలుకుల్లాంటి తెల్లటి ఉప్పు. చిన్నమ్మ ఒక పలుకు నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. "గిది భేది ఉప్పు గద! మా చిన్నప్పుడు కడుపు కడగనీకి మా నాయిన నీళ్ళల్ల కలిపి తాపుతుండె. కడుపుకు తాగే ఉప్పు ఆకుకు ఎట్ల మందయింది?"

మంచి ప్రశ్న. ఆ ఉప్పు మనుషుల చేతికి వచ్చినప్పటి నుంచి ఆకుకు అది ఎందుకు కావాలో తెలిసేదాకా దగ్గరదగ్గర మూడు వందల ఏళ్ళు పట్టింది. చాయ్ తాగుతూ ఆ కథ మొదలుపెట్టాను. కథ అయ్యేసరికి ఆ రెండు ఆకులకూ ఒకటే మందు కాదని ఇద్దరికీ తేలింది.

లండన్‌కు దక్షిణాన, సర్రీ సీమలో ఎప్సమ్ అనే చిన్న ఊరు. 1618లో ఎండలు మండిపోతున్న వేసవిలో హెన్రీ వికర్ అనే పశువుల కాపరి ఊరి బీడులో ఒక గుంట చూసి, పశువులకు నీళ్ళు దొరికాయని సంతోషపడ్డాడట. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయట. దప్పికతో ఉన్న పశువు నీళ్ళు వద్దంటే ఆ నీళ్ళలో ఏదో ఉన్నట్టే. ఇది అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ. కథలో ఎంత నిజమున్నా, ఆ నీళ్ళు చేదన్నది మాత్రం నిజం. ఆ నీళ్ళతో కడిగితే పుండ్లు మానుతున్నాయని, తాగితే కడుపు శుభ్రమవుతోందని జనం కనిపెట్టారు. కొన్నేళ్ళకే ఎప్సమ్ ఊరు యాత్రాస్థలమైంది. లండన్ పెద్దమనుషులు బళ్ళు కట్టించుకుని వచ్చి చెంబులకు చెంబులు తాగేవారు. దినచర్య రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ పీప్స్ కూడా 1667 జూలైలో అక్కడికి వెళ్ళి ఆ నీళ్ళు తాగాడు.

ఊరి దాకా రాలేనివాళ్ళ సంగతేమిటి? నీళ్ళను కాచి, ఇగిర్చి, అడుగున మిగిలిన ఉప్పును అమ్మితే సరిపోతుంది కదా. ఈ పనిని శాస్త్రంగా చేసినవాడు నెహెమయా గ్రూ. నాకు ఈ కథంతటిలో ఎక్కువ ఇష్టమైన మనిషి, ఎక్కువ బాధ కలిగించే మనిషి కూడా అతనే.

గ్రూ వైద్యుడు. కానీ అతని ప్రాణం మొక్కల్లో ఉండేది. సూక్ష్మదర్శిని కొత్తగా వచ్చిన రోజులవి. వేరును, కాండాన్ని, ఆకును, పువ్వును పలచటి పొరలుగా కోసి, అద్దం కింద పెట్టి, కనిపించినదంతా బొమ్మలు వేశాడు. 1682లో 'మొక్కల శరీర నిర్మాణం' అనే పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. పువ్వులోని కేసరాలు మగభాగాలని మొదట అన్నవాళ్ళలో అతనొకడు. ఇవాళ మన విత్తన రైతులు మగ వరస, ఆడ వరస అని లెక్కపెట్టి నాటే సంకర విత్తనాల సేద్యానికి మూలమైన ఎరుక అది. అంకాపూర్ వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పక్కరలేదు.

అదే గ్రూ 1695లో ఎప్సమ్ నీళ్ళలోని చేదు విరేచన లవణం మీద లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఉప్పును ఎలా తీయాలో, ఏ రోగానికి ఎంత ఇవ్వాలో అందులో ఉంది. ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో ఆ ఆకుకు పచ్చదనమిచ్చే ఉప్పు. రెంటినీ ఆ కాలంలో అతనికంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. ఆ రెండు చేతులూ కలపాలని అతనికి తోచలేదు. తోచే వీలూ లేదు. మెగ్నీషియం అన్న మాటే ఇంకా పుట్టలేదు. మొక్క ఏం తింటుందన్న ప్రశ్నకు మట్టి, నీళ్ళు అన్నంతవరకే జవాబు తెలిసిన రోజులు. అయినా ఆ పుస్తకాలు రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉండి ఉంటాయని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

గ్రూకు ఆ ఉప్పు వల్ల తగువులే మిగిలాయి. ఫ్రాన్సిస్ మౌల్ట్ అనే మందుల తయారీదారు గ్రూ పుస్తకాన్ని అనుమతి లేకుండా ఇంగ్లీషులోకి మార్చి 1697లో అచ్చువేశాడు, పోటీగా ఉప్పు తీసి అమ్మాడు. మరుసటేడు, 1698లో, గ్రూ రాజు దగ్గర పేటెంట్ తెచ్చుకున్నాడు. అయినా కాట్లాట తెగలేదు. పేటెంట్ల తగువు పసుపు రైతుకు కొత్తేమీ కాదు. పుండు మానడానికి పసుపు వాడటం మా ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పేటెంట్ తీసుకుంది. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథాలూ, 1953లో అచ్చయిన ఒక వైద్య వ్యాసమూ సాక్ష్యంగా పెట్టి వాదించి, 1997లో దాన్ని రద్దు చేయించింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం చిన్నమ్మకు ఎవరూ నేర్పలేదు. పుట్టినప్పటి నుంచి చూసిందే.

ఇక ఎడిన్‌బరోకు పోదాం. 1750ల్లో ఆ ఒక్క ఊళ్ళో ఇద్దరు వైద్యులు ఈ ఉప్పుతో రెండు వేరువేరు పనులు చేశారు.

మొదటివాడు జోసెఫ్ బ్లాక్. కడుపులో పులుపుకు మంచి మందు వెతుకుతూ, ఎప్సమ్ ఉప్పు నీళ్ళలో కట్టెబూడిద క్షారం కలిపాడు. తెల్లటి పొడి అడుక్కి దిగింది. దాన్ని మెగ్నీషియా ఆల్బా అనేవారు. అది చూడ్డానికి సున్నంలాగే ఉంటుంది, అందుకే చాలామంది అది సున్నంలో ఒక రకమే అనుకునేవారు. కాదని బ్లాక్ తేల్చాడు. సున్నాన్ని గంధకామ్లంతో కలిపితే నీళ్ళలో సరిగా కరగని జిప్సం వస్తుంది. మెగ్నీషియాను అదే ఆమ్లంతో కలిపితే ఇట్టే కరిగే ఎప్సమ్ ఉప్పు తిరిగి వస్తుంది. కనుక రెండూ వేరు. 1755లో అతను చదివి, 1756లో అచ్చువేసిన ఆ వ్యాసంతోనే మెగ్నీషియం అనే పదార్థానికి సొంత ఉనికి వచ్చింది.

రెండోవాడు ఫ్రాన్సిస్ హోమ్. అతని పేరు మన పుస్తకాల్లో ఎక్కడా కనబడదు, కనబడాలని నాకుంది. వ్యవసాయానికి రసాయనశాస్త్రం ఎంతవరకు పనికొస్తుందో చూసి చెప్పమని ఎడిన్‌బరోలోని ఒక సంఘం అతన్ని కోరింది. హోమ్ కుండీల్లో మట్టి పోసి, మొక్కలు పెంచి, ఒక్కో కుండీలో ఒక్కో పదార్థం వేసి చూశాడు. సురేకారం వేశాడు, పొటాషియం సల్ఫేట్ వేశాడు, ఎప్సమ్ ఉప్పు వేశాడు. మూడూ మొక్కకు మేలు చేశాయి. 1757లో అచ్చయిన అతని పుస్తకంలో ఈ సంగతి ఉంది. మొక్క తినేది ఒక్కటే పదార్థం కాదు, అనేకం అని అతనికి అర్థమైంది. అప్పటి పెద్దలంతా మొక్కకు మూలాహారం ఒక్కటేనని, అది నీరని ఒకరు, మట్టి అని ఒకరు పట్టుబడుతున్న రోజుల్లో ఇది గట్టి మాట. కడుపు కోసం కాచిన ఉప్పును మొక్క మొదట్లో వేసి ఫలితం రాసిపెట్టినవాళ్ళలో నాకు తెలిసి అతనే మొదటివాడు. ఎందుకు పనిచేసిందో మాత్రం అతనూ చెప్పలేకపోయాడు.

ఆ మీద హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1808లో విద్యుత్తుతో మెగ్నీషియాను విడగొట్టి లోహాన్ని చూపించాడు. అదొక మైలురాయే గానీ, తోటకు దాంతో పెద్దగా పనిలేదు.

తోటకు పనికొచ్చిన ప్రయోగం మట్టి లేకుండా జరిగింది. 1860ల్లో జర్మనీలో యూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నోప్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు శుద్ధమైన నీళ్ళలో కొన్ని లవణాలు కరిగించి, సీసా మూతికి మొక్కను నిలబెట్టి, వేళ్ళు నీళ్ళలోకి వదిలారు. మొక్కజొన్నలాంటి పంటను మట్టి రేణువు తగలకుండా విత్తనం దాకా పెంచవచ్చని తేలింది. అసలు కీలకం తర్వాతి మెట్టులో ఉంది. ఒక సీసాలో అన్నీ వేస్తారు, పక్క సీసాలో ఒక్కటి తగ్గిస్తారు. తగ్గించిన సీసాలో మొక్క కుంగితే ఆ తగ్గించినది మొక్కకు తప్పనిసరి. అట్లా ఒక్కొక్కటిగా లెక్క తేలింది. నోప్ నీళ్ళ మిశ్రమంలో ఐదు లవణాలుంటే వాటిలో ఒకటి మెగ్నీషియం సల్ఫేట్. అంటే చిన్నమ్మ చేతిలోని ఈ ప్యాకెట్టే. ఆ సీసాలోంచి దాన్ని తీసేస్తే ఆకు పాలిపోయేది.

ఎందుకు పాలిపోతుంది? దీనికి మరో నలభై ఏళ్ళు ఆగాలి.

ఆకుల పచ్చదనానికి పత్రహరితమని మనం పెట్టుకున్న పేరుకు మూలం, 1817లో పెల్టియే, కావాంతూ అనే ఇద్దరు ఫ్రెంచి మందుల శాస్త్రజ్ఞులు పెట్టిన క్లోరోఫిల్ అన్న మాట. దాని లోపల ఏముందో తెలియదు. ఇనుము ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. అట్లా అనుకోవడానికి కారణమూ ఉంది. 1840ల్లో యూజెబ్ గ్రి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకుల మీద ఇనుప లవణం నీళ్ళు పూస్తే పచ్చబడుతున్నాయని చూపించాడు. ఇనుము పూస్తే పచ్చబడుతోంది కనుక పచ్చదనంలో ఇనుము ఉందనుకోవడం సహజమే కదా.

1905లో జ్యూరిచ్‌లో ఆచార్యుడిగా చేరిన రిచర్డ్ విల్‌స్టాటర్ ఆ పచ్చరంగును శుద్ధిచేసి చూశాడు. ఎండబెట్టిన దురదగొండి జాతి ఆకులు కుప్పలుగా తెప్పించి, ఆల్కహాల్‌లో నానబెట్టి, పిండి, వడకట్టి. ఒక్క మొక్కతో ఆగలేదు. రెండు వందలకు పైగా జాతుల మొక్కలను పరీక్షించి, గడ్డిపోచలో ఉన్నదీ, మహావృక్షంలో ఉన్నదీ ఒకే పత్రహరితమని తేల్చాడు. అందులో ఇనుము లేదు. ఉన్నది మెగ్నీషియం. 1906లో ఆ సంగతి ప్రకటించాడు. 1915లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే మనిషి యూదుల మీద ద్వేషాన్ని సహించలేక 1924లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పదవి వదిలేశాడు, 1939లో దేశమే వదిలి స్విట్జర్లాండ్ చేరాడు, 1942లో అక్కడే కన్నుమూశాడు.

పత్రహరితం అణువులో మొత్తం 137 పరమాణువులు. అందులో ఒకే ఒక్క మెగ్నీషియం, వలయం నడుమ బండి చక్రం కుండలా కూర్చుని ఉంటుంది. మన నెత్తురులోని ఎర్రరంగు కూడా దాదాపు అట్లాంటి వలయమే, దాని నడుమ ఇనుము ఉంటుంది. నెత్తుటికి ఇనుము, ఆకుకు మెగ్నీషియం. మరి గ్రి పూసిన ఇనుముకు ఆకు ఎందుకు పచ్చబడింది? ఇనుము పత్రహరితంలో ఉండదు, కానీ దాన్ని తయారుచేసే పనిలో ఇనుము లేకపోతే పని నడవదు. ఇల్లు కట్టే ఇటుక వేరు, తాపీ వేరు. ఇటుక లేకపోయినా ఇల్లు లేవదు, తాపీ లేకపోయినా లేవదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే మొండిగోడల్లా కనబడతాయి.

చిన్నమ్మ ఇక్కడ ఆపింది. "అంటే నా రెండు ఆకులు ఒక్కతీరు కనబడ్డా రోగం వేరే ఉండొచ్చన్నట్టు." అవును. ఆ మాటకు వచ్చేముందు పొగాకు చేలోకి ఒకసారి పోవాలి.

అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఇసుక నేలల్లో పొగాకు వేస్తారు. వానలు దంచికొట్టిన ఏడాది కింది ఆకులు కొసల నుంచి, అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చేవి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉండేవి. రైతులు దానికి ఇసుక ముంపు అని పేరు పెట్టారు. వాన నీళ్ళకు మొక్క మునిగి చస్తోందని వాళ్ళ ఊహ. గార్నర్, మెక్‌మర్ట్రీ, బేకన్, మాస్ అనే నలుగురు వ్యవసాయ శాస్త్రజ్ఞులు దాని వెంట పడ్డారు. ఈ గార్నర్ పగటి పొడవును బట్టి మొక్క పూతకు వస్తుందని అంతకు కొద్దికాలం ముందే, 1920లో, అల్లార్డ్‌తో కలిసి లోకానికి చెప్పినవాడు. 1923లో ఆ నలుగురూ తమ వ్యాసం అచ్చువేశారు. అది ముంపు కాదు, మెగ్నీషియం లోపం. ఇసుక నేలలో ఉన్న కాస్త మెగ్నీషియాన్నీ వాన కడిగేసి కిందికి తీసుకుపోతోంది. వాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పారు. పొటాష్ ఎరువు ఏ రూపంలో వేస్తున్నామన్న దాన్ని బట్టి కూడా జబ్బు ముదరడం, తగ్గడం ఉంది.

నాకు ఆ వ్యాసంలో నచ్చేది రైతుల పేరును వ్యాసం తల మీదే పెట్టుకోవడం. కారణం తప్పు చెప్పారు గానీ, వానకూ ఇసుకకూ ఆ జబ్బుతో పొత్తుందని రైతులు సరిగ్గానే పట్టారు. శాస్త్రజ్ఞులు ఆ చూపును కొట్టిపారేయకుండా దాని వెంటే నడిచి వేరు దాకా పోయారు. పొలంలో పుట్టిన ఎరుక, గాజుసీసాలో పుట్టిన ఎరుక అక్కడ కలిశాయి. చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఆ ఏడాదికి వచ్చినట్టే. ఇంగ్లండ్‌లోని లాంగ్ ఆష్టన్ కేంద్రంలో థామస్ వాలెస్ 1943లో ఏ పోషకం తక్కువైతే ఆకు ఎట్లా కనబడుతుందో రంగు బొమ్మలతో పుస్తకం తెచ్చాడు. అక్కడి నుంచి ఆకును చూసి లోపం చెప్పడం ఒక విద్య అయింది.

మిగతా సగం జవాబులో మన తెలుగు మనిషి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. ప్రాణమున్న ప్రతి కణానికీ రోజువారీ ఖర్చుకు పనికొచ్చే చిల్లర డబ్బు ఏటీపీ. ఆ డబ్బు చెల్లాలంటే దాని మీద ముద్ర కావాలి. ఆ ముద్ర మెగ్నీషియం. కణంలో ఏటీపీ ఎక్కువ భాగం మెగ్నీషియాన్ని అంటిపెట్టుకునే పనిచేస్తుంది. కాబట్టి ఆకులో మెగ్నీషియం తగ్గితే పోయేది రంగు ఒక్కటే కాదు. ఆకు వండిన చక్కెరను కిందికి పంపాలన్నా ఏటీపీ ఖర్చవుతుంది. ఖర్చుకు లేనప్పుడు చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. బీన్స్ మొక్కల మీద ఇస్మాయిల్ చక్మక్ బృందం 1994లో ఇదే చూపించింది. మెగ్నీషియం తక్కువైన మొక్కలో ఆకుల నిండా చక్కెర ఉంది, వేళ్ళు మాత్రం ఆకలితో ఉన్నాయి.

పసుపు రైతుకు ఈ మాట సూటిగా తగలాలి. జూన్‌లో విత్తిన పసుపును సంక్రాంతి దాటాక తవ్వుతాం. ఎనిమిది తొమ్మిది నెలలు ఆకు చేసిన వంటంతా భూమిలోకి దిగితేనే కొమ్ము ఊరుతుంది. కిందికి దిగే దారి మూసుకుంటే పైన ఎంత ఆకు ఉండి ఏం లాభం?

మన నేలల్లో మెగ్నీషియం లోపాన్ని కళ్ళారా చూడాలంటే ఏలూరు దగ్గర పెదవేగి వైపు పోవాలి. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ అక్కడే ఉంది. ఆయిల్‌పామ్‌లో ఈ లోపం వస్తే కింది మట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఇక్కడొక చిత్రముంది. ఒక ఆకు మీద ఇంకో ఆకు నీడ పడితే, నీడ పడిన మేర పచ్చగానే ఉంటుంది, ఎండ తగిలినంత మేరే రంగు మారుతుంది. చక్కెరను పంపలేని ఆకుకు ఎండ కూడా బరువే. మింగలేనివాడి నోట్లో ఇంకా ముద్దలు కుక్కినట్టు. అందుకే ఎదిగిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వేయమని అక్కడి సిఫారసు. పత్తిలో ఇదే లోపం ఎర్రరంగుగా కనబడుతుంది. కింది ఆకులు ఈనెలు పచ్చగా ఉంచుకుని మధ్యలో ఎర్రబారి రాలిపోతాయి. లీటరుకు 10 గ్రాముల చొప్పున విత్తిన 45వ రోజున ఒకసారి, 75వ రోజున ఒకసారి పిచికారీ చేయమంటారు.

ఇన్ని పంటల్లోనూ 'కింది ఆకు' అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. తాళం చెవి అదే. మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకం. కొత్త చిగురుకు కావాల్సి వచ్చి, నేల నుంచి రాకపోతే, మొక్క తన ముసలి ఆకులను విప్పి, అందులోది తీసి లేత ఆకుకు పంపుతుంది. ఇంట్లో తిండి తక్కువైతే పెద్దవాళ్ళు తమ పళ్ళెంలోది పిల్లలకు తీసి పెట్టినట్టే. అందుకే ముందు పాలిపోయేది ముసలి ఆకు. ఇనుము అట్లా కాదు. ఒకసారి ఆకులో కుదురుకుంటే ఇంచుమించు కదలదు. నేల నుంచి రావడం ఆగితే పాత ఆకులు నిండుగానే ఉంటాయి, కొత్తగా విచ్చుకునే లేత ఆకు తెల్లగా వస్తుంది.

"చిన్నమ్మా, ఈ టమాటా ఆకు ఎక్కడ తెంపినవ్?"

"కిందిది. కింది నుంచే పండుతున్నయి. పైన మంచిగనే ఉన్నది."

"పసుపు ఆకు?"

కొంచెం ఆలోచించింది. "పైది. కొత్తగ ఇచ్చుకున్నది. పాత ఆకులకు ఏం కాలే."

లేచి పెరట్లోకి పోయాం. టమాటా మడి చల్క మట్టి, ఇసుక పాలు ఎక్కువ. ముసురు పదిరోజులు కడిగింది. "దీనికి ఏం ఎరువు ఏసినవ్?" అంటే, పసుపు చేనుకు తెచ్చిన పొటాష్ మిగిలితే నాలుగు గుప్పిళ్ళు ఇక్కడ చల్లానంది. వేరు దగ్గర పొటాషియం ఎక్కువైతే మెగ్నీషియాన్ని లోపలికి రానివ్వదు. ఒకే తలుపు ముందు రెండు గుంపులు తోసుకున్నట్టు, ఎక్కువ మంది ఉన్న గుంపే లోపలికి పోతుంది. గార్నర్ బృందం వానను, ఇసుకను, పొటాష్‌ను కలిపి చూసిన ఆ పొగాకు మడి చిన్నమ్మ పెరట్లో కనబడింది నాకు. పైగా యూరియా, డీఏపీ, పొటాష్ బస్తాల్లో దేనిలోనూ మెగ్నీషియం ఉండదు. పశువుల పెంట తోలిన కాలంలో అది తెలియకుండానే చేనుకు చేరేది. పెంట తగ్గి బస్తాలు పెరిగాక, ఎవరూ తీసేయాలనుకోకుండానే అది లెక్కలోంచి జారిపోయింది.

చేను సంగతి వేరు. అది నల్ల రేగడి. అట్లాంటి నేలలో మెగ్నీషియానికి సాధారణంగా కొదవ ఉండదు. సున్నం పాలు ఎక్కువైన చోట ఇనుము మాత్రం ఉండి కూడా వేరుకు అందదు. పసుపులో లేత ఆకు తెల్లబడితే వేయాల్సింది అన్నభేది అనే ఇనుప లవణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు లేకపోతే ఇనుము తుప్పుపట్టి నీళ్ళు ఎర్రబడి పనికిరాకుండా పోతాయి. కలిపిన రోజే కొట్టేయాలి. అది గ్రి ఫ్రాన్స్‌లో ఆకులకు పూసిన మందు లాంటిదే. భేది ఉప్పు, అన్నభేది. పేర్లు దగ్గరగా ఉన్నాయి, పాలిపోయిన ఆకులు ఒక్కలాగే కనబడతాయి, దుకాణంలో చేతికి అందింది ఇచ్చేశారు. ఆ ప్యాకెట్ మొత్తం పసుపు చేనుకు కొట్టి ఉంటే డబ్బు పోయేది, లేత ఆకు తెల్లగానే ఉండేది. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆకు పైదా, కిందిదా అని ఒక్క మాట అడిగితే చాలు కదా.

ఇంకో పొరపాటు కూడా ఈ మధ్య పెరటి తోటల్లో చాలా చూస్తున్నాను. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్ళితే ఎప్సమ్ సాల్ట్ వేస్తున్నారు. అది కాయకు కాల్షియం అందకపోవడం వల్ల, నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ పెట్టడం వల్ల వచ్చేది. మెగ్నీషియం అక్కడ కాల్షియంతో పోటీపడి ఇంకా చెరుపు చేస్తుంది. గులాబీకైనా, మిరపకైనా, ఆకు చూడకుండా నెలకొకసారి చెంచాడు వేసే అలవాటును నేను ఒప్పుకోను. అది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, వానకు ఇట్టే కొట్టుకుపోతుంది, నేలలో పేరుకున్నచోట వేరుకు ఉప్పు బాధ తెస్తుంది. లోపం ఉన్నదాకానే అది మందు.

సాయంత్రం ఎండ తగ్గాక పది లీటర్ల బకెట్లో వంద గ్రాములు కరిగించాం. నూరు గ్రాముల ఈ ఉప్పులో సగానికి పైగా నీరే, పలుకులోనే దాగిన నీరు. మెగ్నీషియం పది గ్రాములకు కాస్త తక్కువ. అంత కొద్దిపాటి దానికోసమే ఆ మడి అల్లాడుతోంది. వేరే మందులేవీ కలపలేదు. ఆకు పైనా కిందా తడిసేట్టు చిన్నమ్మే కొట్టింది, రెండు వారాలకు మళ్ళీ ఒకసారి కొడతానంది. పొటాష్ గుప్పిళ్ళు ఇక పెరట్లో వద్దనుకుంది. పసుపుకు అన్నభేది తెల్లారి తెస్తానంది. వచ్చే జూన్‌లో పసుపు విత్తేముందు పెరటి మట్టి, చేను మట్టి విడివిడిగా సంచుల్లో కట్టి పరీక్షకు ఇద్దామని ఇద్దరం అనుకున్నాం.

పదిహేను రోజులకు ఫోన్ చేసింది.

"టమాటకు పాత ఆకులు గట్లనే పండి ఉన్నయి, మల్ల మంచిగ కాలే. తెంపి పెంటల ఏసిన. మీద మీద వచ్చేటియి మంచిగున్నయి, పూత కూడ పట్టింది. పసుపుకు నిన్ననే రెండోసారి కొట్టిన. ఇగ ఇచ్చుకునే ఆకు చూసి చెప్త బిడ్డా."